సెకిరో నాలుగేళ్లు ఆడాక: నా లెక్కలో లాక్ ఆన్ గేమ్ అంటే ఇదీ

కత్తియుద్ధాల వీడియోగేమ్ సెకిరో 2019లో వచ్చింది, నేను రెండేళ్లు ఆలస్యంగా పీఎస్4లో కొన్నా, ఇప్పటికి ఆరుసార్లు పూర్తి చేశా. ఇది ఏ జానర్ అని తమ్ముడు అడిగితే మొదట్లో డార్క్ సోల్స్ గేముల లాంటిదిరా అని చెప్పేవాణ్ణి, ఇప్పుడు లాక్ ఆన్ గేమ్ అని చెప్తున్నా, అంటే ఒక శత్రువు మీద కెమెరాని కట్టేసి ఆడే గేమ్.

లాక్ ఆన్ బటన్ జీటీఏలోనూ ఉంది కదా అంటారు, ఉంది, కానీ అక్కడ అది గురి కుదరడానికి సాయం అంతే. ఇక్కడ ఆర్3 (కుడి స్టిక్‌ని లోపలికి నొక్కడం) నొక్కగానే ఎడమ స్టిక్‌కి అర్థమే మారిపోతుంది, పక్కకి తోస్తే శత్రువు చుట్టూ తిరుగుతాం, ముందుకి తోస్తే వాడి మీదకే పోతాం. 1998లో నింటెండో 64 మీద ఒకరీనా ఆఫ్ టైమ్ అనే గేమ్‌లో జెడ్ బటన్ చేసింది ఇదే.

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే, లాక్ తీసేసి ఆడి చూడడం. మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ అలా హాయిగా ఆడేస్తా, మృగం తోక కొట్టాలా తల కొట్టాలా అని మనమే చూసుకోవాలి కాబట్టి లాక్ లేకపోతేనే నాకు నయం. సెకిరోలో గెనిచిరో అనే బాస్ (పెద్ద శత్రువు) మీద ఒక సాయంత్రం అలాగే ట్రై చేశా, సగం దెబ్బలు గాల్లోకే పోయాయి. ఎందుకంటే ఇందులో ఫైట్ అంతా ఎదుటివాడి ఒంట్లోనే ఉంటుంది, వాడి కత్తి దిగే క్షణానికి డిఫ్లెక్ట్ కొట్టాలి (మన కత్తితో ఆ దెబ్బని తిప్పికొట్టాలి), ఎర్ర అక్షరం వెలిగితే పొడుస్తున్నాడా కాళ్ల దగ్గర ఊడుస్తున్నాడా చూడాలి, పొడిస్తే మికిరి (వాడి ఆయుధాన్ని కాలితో తొక్కిపట్టే ఎదురుదెబ్బ), ఊడిస్తే జంప్. ఇంకా హెల్త్ మిగిలున్నా పోస్చర్ బార్ (వాడి పట్టు ఎంత సడలిందో చూపే గీత) నిండిందంటే ఒక్క వేటుకి ఆ రౌండ్ అయిపోతుంది. అందుకే కెమెరా వాడి మీద నుంచి కదలకూడదు.

ఇబ్బంది లేదని కాదు, మూలకి ఇరుక్కుంటే కెమెరా గోడకి తగిలి లాక్ ఊడిపోతుంది, రెండు కోతులు కలిసొచ్చే ఫైట్‌లో ఒకదాన్ని చూస్తుంటే రెండోది వెనకనుంచి బాదుతుంది, గేమ్ ఆరోసారి ఆడినప్పుడు కూడా నాకు కష్టమే అనిపించింది. ఇన్నేళ్ల నొక్కుడికి ఆర్3 కూడా లూజై ఒక కంట్రోలర్ మార్చా.

అయినా కొనమనే చెప్తా. కొన్నాక బాస్‌ల దగ్గరకి పరిగెత్తకండి, పాడుబడ్డ గుడి బయట హన్బే అని ఒకడుంటాడు, ఎన్నిసార్లు నరికినా చావడు, ముందు వాడితో ఓ గంట ప్రాక్టీస్ చేయండి.