చీజ్ దిగుమతికి మంచి ఏజెంట్ దొరికారు
సైనిక్‌పురిలో మా పిజ్జా సెంటర్‌కి ఇటలీ చీజ్ తెప్పించడానికి శంషాబాద్ వైపు ఒక కస్టమ్స్ ఏజెంట్‌ని పెట్టుకున్నాం. ఆర్డర్ ఇవ్వకముందే ఆవిడ ఇటలీ కంపెనీ పంపిన హెల్త్ సర్టిఫికెట్ నమూనాని లైను లైనుగా చదివారు. ఆ దేశపు ప్రభుత్వ పశువైద్యుడి సంతకం ఉండాలి, జంతువుల రెన్నెట్ (పాలు గడ్డకట్టించడానికి జంతువుల కడుపు నుంచి తీసే పదార్థం) వాడలేదని రాసి ఉండాలి. అసలైన పార్మిజానో రెజియానో చీజ్‌కి దూడ రెన్నెట్టే వాడతారు కాబట్టి అది వద్దని ముందే చెప్పేశారు. మా దగ్గర శాకాహారులు ఎక్కువ, నాకు కావాల్సిందీ ఇలాంటి జాగ్రత్తే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) అడిగే ఎక్స్‌పైరీ గడువు లెక్క కూడా ఆవిడే చూసుకున్నారు. ఫీజు ఎక్కువే, సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు. కానీ సరుకు కార్గోలో ఆగిపోతుందన్న టెన్షన్ లేదు. తర్వాతి ఆర్డర్ కూడా ఆవిడకే ఇస్తున్నాను.