లంబపాదానికి సూత్రమా, వాలా?

ఒంగోల్లో మా ఇంటి అరుగు మీద ఇంటర్ పిల్లలకు సరళరేఖలు చెప్పేటప్పుడు ఏటా వచ్చే పేచీ ఇది. (5, 6) నుంచి 3ఎక్స్ + 4వై = 14 రేఖకు లంబపాదం, అంటే ఆ బిందువు నుంచి గీసిన లంబం రేఖను తాకే చోటు, కావాలి.

వాలుతో పోతే: రేఖ వాలు −3/4, లంబానికి 4/3. (5, 6) గుండా గీస్తే 4ఎక్స్ − 3వై = 2. రెండు సమీకరణాలూ సాధిస్తే (2, 2). అరపేజీ పడుతుంది, కానీ బొమ్మ కళ్ల ముందే ఉంటుంది.

సూత్రమైతే మూడు లైన్లే. 14ను ఎడమకు తెచ్చి, బిందువును ప్రతిక్షేపిస్తే 15 + 24 − 14 = 25. కింద ఎక్స్, వై గుణకాల వర్గాల మొత్తం 9 + 16, అదీ 25. సూత్రంలో ముందు రుణ గుర్తుంది కాబట్టి భాగిస్తే −1. దాన్ని గుణకాలు 3, 4తో గుణించి బిందువుకు కలపాలి, అంటే 5లోంచి 3, 6లోంచి 4 తీసెయ్యడమే; అదే (2, 2). ఆ −1ని రెట్టింపు చేస్తే రేఖకు అవతల బిందువు ప్రతిబింబం (−1, −2) కూడా వచ్చేస్తుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. అక్కడ నా ఓటు సూత్రానికే.

తొలిసారి నేర్చుకునేవాళ్లకు మాత్రం వాలే చెబుతాను. మొన్న ఒక పిల్లాడు సూత్రంలో రుణ గుర్తు మరిచి (8, 10) రాశాడు. "అబ్బయా, అది రేఖ మీదుందా?" అన్నాను. 24 + 40 కూడి, 64 చూసి, తనే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు.