మా ట్యాక్స్ ఆఫీసులో ఏఐ: రెండున్నరేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నేను, పాతికేళ్లుగా పద్దులు చూస్తున్న ఒక సీనియర్ అకౌంటెంటు, బీకాం అయ్యాక చేరిన ఇద్దరు కుర్రాళ్లు. మిర్చి కమీషన్ కొట్లు, రెడీమేడ్ షాపులు, రెండు కోల్డ్ స్టోరేజీలు, కొన్ని హార్డ్‌వేర్ కొట్లు కలిపి నూట నలభై దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్లు మా చేతిలో ఉన్నాయి. 2023 జూన్‌లో చాట్‌జీపీటీతో మొదలుపెట్టాం. ఆ తర్వాత మరో రెండు కూడా డబ్బులు కట్టి వాడాం. తప్పుల గురించి చెప్పేచోట మాత్రం ఏది చేసిందో పేరు పెట్టను. నాలుగు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంటే నిన్నటి తప్పును ఇవాళ్టి పేరుకు అంటగట్టడం బాగుండదు.

చట్టం అడిగితే టకటకా చెబుతుందని కొన్నాను. ఇప్పుడు చట్టం తప్ప మిగతావన్నీ దాన్నే అడుగుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇంగ్లిషు ఉత్తరాలకు. మా కుర్రాళ్లిద్దరూ తెలుగు మీడియం. ఏ బిల్లు 2బీలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ మనకు తయారుచేసే పట్టికలో, ఎందుకు పడలేదో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే విషయం ఆఫీసరు గారికి ఇంగ్లిషులో అర పేజీ రాయమంటే మధ్యాహ్నం దాకా కూర్చుని, చివరికి నా టేబుల్ మీదే పెట్టేవాళ్లు. డీఆర్‌సీ-01సీ వచ్చిందంటే గడువు ఏడు రోజులే. 2బీలో కనిపించిన దానికంటే 3బీలో, అంటే మనం వేసే రిటర్నులో, ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన దానిలో తగ్గించుకోవడం) ఎక్కువ తీసుకున్నారు, కట్టండి లేదా కారణం చెప్పండి అనే కాగితం అది. రిటర్ను గడువు ఇరవయ్యో తారీఖు దగ్గర పడ్డాక అలాంటివి నాలుగు ఒకేసారి వస్తే ఆ టెన్షన్ ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

ఇప్పుడు కుర్రాడు కారణాన్ని నాతో మాట్లాడినట్టే తెలుగులో టైపు చేస్తాడు. "పోయిన నెల బిల్లు 2బీలో వచ్చింది, సరుకు రాలేదు కాబట్టి రివర్స్ చేశాం. ఈ నెల సరుకు దిగింది, మళ్లీ తీసుకున్నాం." ఇంతే. నిమిషంలో శుభ్రమైన ఇంగ్లిషు ఉత్తరం వస్తుంది. మొదట్లో వచ్చినవి శుభలేఖల్లా ఉండేవి. ఆఫీసరు గారి అమూల్యమైన సమయానికి ధన్యవాదాలతో మొదలై, వారి సహృదయానికి నమస్కారాలతో ముగిసేవి. పది లైన్లు దాటొద్దు, విశేషణాలు వద్దు అని ఎన్నిసార్లు చెప్పినా కొంతే తగ్గింది. నయమైంది ఎలాగంటే, గతంలో మేం పంపగా కేసు ముగిసిన ఉత్తరాలు రెండు, పేర్లు తీసేసి, నమూనాగా ఇచ్చాం. ఆ రోజు నుంచి మా ఆఫీసు గొంతు పట్టుకుంది. ఎలా రాయాలో పేజీలకొద్దీ చెప్పడం కంటే నచ్చిన ఉత్తరం ఒకటి చూపించడం మేలు.

ఇక్కడే ఒక గండం కూడా ఉంది. దీనికి మర్యాద ఎక్కువ. ఒక ఉత్తరంలో "జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం" అనే అర్థంలో ఒక వాక్యం దానంతట అదే చేర్చింది. పొరపాటు మా పార్టీది, అంటే మా దగ్గర ఫైలు ఉన్న వ్యాపారిది, కాదు, సరుకు పంపినవాడిది. ఇరుగుపొరుగు మధ్య అయితే అది మర్యాదే. నోటీసుకు ఇచ్చే జవాబులో అది నేరం ఒప్పుకోవడం. సంతకం పెట్టేముందు నా కంట పడింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి ఉత్తరంలో సారీ చెప్పే మాటలున్నాయా అని వెతకడం నాకు అలవాటైంది.

రెండో లాభం ఎక్సెల్. అమ్మినవాడు పోర్టల్లో బిల్లు నంబరు ముందు రెండు అక్షరాలు, గీత, సున్నాలు, సంవత్సరం అన్నీ పెడతాడు. మన పద్దుల సాఫ్ట్‌వేర్ టాలీలో ఉత్త 45 అని ఉంటుంది. రెండూ ఒకే బిల్లు అని మనిషికి తెలుస్తుంది, ఎక్సెల్‌కు తెలియదు. నెలనెలా ఈ సరిచూడ్డానికే రెండు రోజులు పోయేవి. పది దొంగ వరసలు తయారుచేసి చూపించి, ఇవి కలిసేలా ఫార్ములా రాయమని అడిగాం. మూడో ప్రయత్నానికి కుదిరింది. అసలు షీటు దానికి ఇవ్వలేదు, ఇవ్వాల్సిన పనీ లేదు. ఫార్ములా మన కంప్యూటర్లోనే పనిచేస్తుంది, ఎన్ని నెలలైనా అదే. అంకెలు నేరుగా ఇచ్చి కూడమని మాత్రం ఎప్పుడూ అడగం. మొదటి ఏడాది ఒకసారి అరవై వరసల మొత్తం అడిగితే పదకొండు వందల చిల్లర తేడా వచ్చింది. పైగా ఎంత ధీమాగా చెప్పిందంటే, మా సీనియర్ తన కాలిక్యులేటరే పాడైందనుకుని బ్యాటరీ మార్చాడు.

తెలుగు సంగతి వేరు. మొదట్లో తెలుగులో అడిగితే నత్తనడక, పెద్ద నోటీసు ఇస్తే సగంలో దారి తప్పేది. ఈ మోడళ్లు రాతను టోకెన్లనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. తెలుగు రాతకు ఆ ముక్కలు మరీ ఎక్కువ పడేవి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక ఉదాహరణ చూపించింది. పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టిన తెలుగు రాతకు కొత్తదానిలో 45 సరిపోయాయి. ఆ ఏడాది నుంచి మాకూ తేడా తెలిసింది. అయినా అది రాసే తెలుగు ఇంకా పాఠ్యపుస్తకమే. పార్టీకి వాట్సాప్‌లో పంపమని ఇస్తే "సరఫరాదారు", "పన్ను జమ" అంటుంది. మా మిర్చి యార్డులో ఎవరూ అలా మాట్లాడరు, పార్టీ అంటారు, ఇన్‌పుట్ అంటారు. ఒక మిర్చి వ్యాపారి వాయిస్ మెసేజిని రాతలోకి మార్చమంటే "నూట ఇరవై టిక్కీలు కోల్డులో పెట్టా" అన్నది ఏదో తినే టిక్కీలు చల్లగా ఉంచినట్టు వచ్చింది. టిక్కీ అంటే మిర్చి బస్తా అని, కోల్డు అంటే కోల్డ్ స్టోరేజీ అని ముందే చెబితే సరిగ్గా రాస్తోంది. అలాంటి యార్డు మాటలు ముప్పై రాసుకుని, పని మొదలుపెట్టేముందు అవి అతికిస్తున్నాం.

ఇక చట్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టల రేట్లు మారాయి. అంతకుముందు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12. ఇప్పుడు 2,500 దాకా 5, దాటితే 18. అక్టోబరులో ఒక షాపాయన 1,800 చొక్కాకు ఎంత వేయాలని మా కుర్రాణ్ని అడిగాడు. వీడు ఫోన్లో ఏఐని అడిగి 12 అని చెప్పేశాడు. ఆ మోడల్ నేర్చుకున్న చదువు అంతకుముందే ఆగిపోయింది, ఇంటర్నెట్‌లో వెతకమని వీడు చెప్పలేదు. పాత ఏడాది ఇన్‌పుట్ తీసుకోవడానికి ఆఖరి తేదీ నవంబరు 30 అని 2022లోనే మారినా, పాత సెప్టెంబరు రిటర్ను లెక్కే చెప్పిన రోజులూ ఉన్నాయి. ఇవి పాతబడిన తప్పులు, పట్టుకోవచ్చు.

పట్టుకోవడం కష్టమైనవి కల్పితాలు. ఒక అప్పీలు కోసం హైకోర్టు తీర్పులేమైనా ఉన్నాయా అంటే మూడు ఇచ్చింది. నంబర్లు, సంవత్సరాలు, పార్టీల పేర్లు, అన్నీ నిజంలాగే. వెతికితే ఒకటి ఉంది, దాని విషయం వేరు. మిగతా రెండూ ఎక్కడా లేవు. ఇలాంటి తీర్పులే కోర్టులో దాఖలు చేసినందుకు 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. అది చదివి కూడా నేను ఆశపడి అడిగాను చూడండి.

అందుకే ఇప్పుడు మా పద్ధతి: సెక్షను, సర్క్యులరు, తీర్పు ఏదైనా సరే, ముందు మేమే అధికారిక సైటు నుంచి తెచ్చి దాని ముందు పెడతాం. "ఇందులో ఉన్నది మాత్రమే వాడు, ఏ పేరా నుంచి తీశావో చెప్పు, లేకపోతే లేదని చెప్పు" అంటాం. గుర్తున్నది చెప్పమని అడగడం మానేశాం. కాగితం ముందుంటే చాలా బాగా చదువుతుంది. ఎనభై పేజీల ఆర్డరులో మన పాయింటు ఎక్కడుందో చూపించడంలో మా అందరికంటే వేగం.

జాగ్రత్తల విషయంలో మేం ఆలస్యంగా మేల్కొన్నాం. 2024లో ఒక కుర్రాడు సొంత ఫోన్లో ఏదో ఉచిత యాప్‌లో ఒక పార్టీ బ్యాంకు స్టేట్‌మెంటు ఆరు నెలలది మొత్తం ఎక్కించాడు. పని త్వరగా అవుతుందని, అంతే, చెడు ఉద్దేశం లేదు. ఆ యాప్ ఎవరిదో, ఆ కాగితం ఎక్కడ నిలవుందో కనుక్కోవడం మా వల్ల కాలేదు. తిట్టి ఏం లాభం, ఆఫీసు తరఫున సరైనది కొనివ్వకుండా వాడొద్దంటే దొంగచాటుగా వాడతారు. ఆ వారమే బిజినెస్ ప్లాన్ తీసుకున్నాం. వాటిలో మనం ఇచ్చినవి మోడల్‌కు నేర్పడానికి వాడకపోవడమే మామూలు సెట్టింగు. మామూలు ఖాతాల్లో అయితే డేటా సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఆపుకోవాలి. చాలామంది ఆ మీట ఉందనే చూడరు.

ప్లాన్ కొన్నంత మాత్రాన అన్నీ ఎక్కించడం లేదు. పేరు తీసేసి పార్టీ-1, పార్టీ-2 అని పెడతాం. కొందరు పేరు తీసి జీఎస్టీ నంబరు వదిలేస్తారు. దానిలో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది ఆ మనిషి పాన్ నంబరే! ఆధార్, బ్యాంకు ఖాతా, పోర్టల్ పాస్‌వర్డు, ఓటీపీ అసలు దాని దరిదాపుల్లోకి వెళ్లవు. చాట్ లింకు షేర్ చేయడం కూడా ఆపేశాం. 2025లో అలా షేర్ చేసిన చాట్‌జీపీటీ సంభాషణలు కొన్ని గూగుల్ వెతుకులాటలో కనబడ్డాయి, తర్వాత ఆ సౌకర్యాన్ని ఓపెన్‌ఏఐ తీసేసింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన సిబ్బందికి, ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటి ఏఐ సాధనాలు వాడొద్దని చెప్పింది. నోటీసులిచ్చేవాళ్లే అంత జాగ్రత్త పడుతుంటే మనకేం తొందర అని మా సీనియర్ ఆ వార్త కత్తిరించి గోడకు అంటించాడు.

పార్టీలతో చేసుకునే ఒప్పంద పత్రంలో, పేర్లు తీసేశాక కొన్ని పనులకు ఏఐ వాడతామని ఒక లైను చేర్చాం. అందరూ సరేనన్నారు, ఒక కోల్డ్ స్టోరేజీ ఆయన తప్ప. ఆయన ఫైళ్లు పాత పద్ధతిలోనే చేస్తున్నాం. దానికి ఫీజు ఎక్కువ అడగాలా వద్దా అన్నది మాకింకా తేలలేదు.

ఖర్చు మనిషికి నెలకు రెండు మూడు వేల మధ్య పడుతోంది. ఒక మాట, విదేశీ కంపెనీ బిల్లులో మీ జీఎస్టీ నంబరు వేయించుకుంటే వాళ్లు పన్ను వేయరు. రివర్స్ ఛార్జి కింద 18 శాతం మనమే నగదుగా కట్టి, తర్వాత ఇన్‌పుట్ తీసుకోవాలి. ఏఐ వాడుతున్నాం అని గొప్పగా చెప్పిన మా పార్టీల్లో ముగ్గురి పుస్తకాల్లో ఇది కట్టలేదు.

వచ్చే నెల రెన్యువల్. నాకూ కుర్రాళ్లకూ మూడు సీట్లు ఉంచుతున్నాను. నాలుగోది తీసేయమని మా సీనియరే చెప్పాడు. ఆయనకు చేత్తోనే త్వరగా అవుతుందట. సరే చూద్దామని ఒకే నోటీసు ఆయనకొకటి, కుర్రాడికి ఏఐతో ఒకటి ఇచ్చి రెండుసార్లు పోటీ పెట్టాం. ఉత్తరం కుర్రాడిదే ముందు వచ్చింది. సరిచూసి సంతకానికి నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండుసార్లూ సీనియరే ముందున్నాడు.