గోదావరి అవతలి గూడేల్లో ఐదు రోజుల సువార్త ప్రయాణం

సంక్రాంతి అయిపోయాక జనవరి ఆఖరి వారంలో పల్లెలకు సువార్తకు వెళ్లడం మా సంఘానికి ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. 2025లో ములుగు జిల్లాలో గోదావరి అవతల, వాజేడు వైపు వెళ్లాం. పాస్టర్ అయ్యగారు, అమ్మగారు, ఒక నర్సు అక్క, నేను, ముగ్గురు యౌవనస్థులు, మొత్తం ఏడుగురం. ఐదు రోజులు, నాలుగు రాత్రులు. తిరిగి వచ్చినప్పటి నుంచి వేరే సంఘాలవాళ్లు ఎక్కడ దిగారు, బండికి ఎంతయింది, ఆడవాళ్లకు ఇబ్బంది కాలేదా అని అడుగుతూనే ఉన్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఒక మాట మాత్రం ముందే చెప్తాను. లాడ్జిలో దిగి, బండిలో రోజుకు మూడు నాలుగు ఊళ్లు చుట్టిన మొదటి రెండు రోజులు ఒక ఎత్తు, ఒకే గూడెంలో పడుకున్న రెండు రాత్రులు ఒక ఎత్తు.

బయల్దేరే ముందు శనివారం వరంగల్‌లో రైలెక్కి డోర్నకల్ వెళ్లొచ్చాం, ప్రార్థన కోసం. తెలంగాణలో పల్లె సువార్త గురించి ఆలోచించేవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటు అది. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తుంది, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపల మోకరిస్తే మాత్రం మన మందిరమే. బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చి, 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు, 1945 జనవరి 1న కన్నుమూశారు, సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన ఎద్దుల బండి మీద ఈ పల్లెలన్నీ తిరిగేవారట. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారని అయ్యగారు అక్కడే నిలబడి చెప్తే మా పిల్లలు ముగ్గురూ చేతులు తల మీద పెట్టుకున్నారు. పూట చాలు చూడటానికి. తాగే నీళ్లు, తినేది వెంట తీసుకెళ్లండి.

సోమవారం పొద్దున అసలు ప్రయాణం. మైక్ సెట్టు, దుప్పట్లు, మందుల పెట్టెలతో బండి నిండిపోయింది, అందుకని మగవాళ్లు బండిలో, మేము ముగ్గురు ఆడవాళ్లం హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. 2023 డిసెంబర్ నుంచి ఈ ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెలకు వెళ్లే ఆడవాళ్ల బృందాలకు ఎంత మేలు జరిగిందో చెప్పలేను, అంతకుముందు చందాలు పోగు చేసుకుని వెళ్లేవాళ్లం. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా 100 కిలోమీటర్లకు కొంచెం పైనే, దాదాపు మూడు గంటలు. పస్రా దాటాక అంతా అడవి. రోడ్డు బాగుంది, బస్సు వేళకే వచ్చింది, సీట్లు కూడా దొరికాయి. మేడారం జాతర ఏడాది అయితే మాత్రం ఈ దారిలో జనవరి, ఫిబ్రవరి ప్రయాణం పెట్టుకోవద్దు. రెండేళ్లకొకసారి వచ్చే జాతర, రూములు దొరకవు, బస్సులన్నీ అటే పోతాయి. పైగా జనం సమ్మక్క సారలమ్మ తల్లులను మొక్కుకోవడానికి వచ్చిన చోట కరపత్రాలు పట్టుకుని నిలబడటం మంచి పని కాదని నా గట్టి అభిప్రాయం. మన మందిరంలో పండుగ నాడు ఎవరైనా వచ్చి అట్లా చేస్తే మన మనసు ఎట్లుంటుంది?

ఏటూరునాగారం దగ్గర్లో రెండు రాత్రులకు లాడ్జి మాట్లాడుకున్నాం. ఫోన్‌లో రూముకు 900 అన్నారు. సామాను దించాక, ఇంతమంది అనుకోలేదు, 1200 అయితది అన్నారు. బాత్రూం తలుపుకు గడియ లేదు. అమ్మగారు స్నానానికి వెళ్తే నేను బయట నిలబడ్డాను, నేను వెళ్తే ఆమె నిలబడింది. మోటారు పొద్దున ఒక్కసారే వేస్తారు, ఆరింటికి లేవకపోతే బకెట్ నీళ్లు కూడా దొరకవు. ఆడవాళ్లు ఉన్న బృందం అయితే డబ్బులు ఇచ్చే ముందు రూములోకి వెళ్లి గడియలు, నీళ్లు చూసుకోండి, మొహమాటపడకండి. తాడ్వాయిలో పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలు ఉన్నాయి, కానీ రోజూ అక్కడి నుంచి గోదావరి దాటి వెళ్లి రావడం మా పనికి కుదరదు.

భోజనానికి మాత్రం లోటు రాలేదు. రోడ్డు మీద చిన్న మెస్‌లో పప్పు, చిక్కుడుకాయ కూర, గోదావరి చేపల పులుసు, అడిగినంత అన్నం పెట్టారు, వడ్డించిన అక్క డబ్బులు తీసుకునేటప్పుడు కూడా తిన్నరా బిడ్డా అనే అడిగింది.

ఊళ్లకు వెళ్లే ముందు చేసుకోవాల్సిన పని ఒకటి ఉంది. 2024 డిసెంబర్ 1న ఏటూరునాగారం మండలం చల్పాక దగ్గర ఎన్‌కౌంటర్‌లో ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు, మేము వెళ్లేటప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కొత్త ముఖాలు కనిపిస్తే ఊరివాళ్లకూ టెన్షనే, పోలీసులకూ టెన్షనే. అయ్యగారు ముందుగానే స్టేషన్‌లో మా పేర్లు, ఆధార్ కాపీలు, ఏ రోజు ఏ ఊరు అన్న కాగితం ఇచ్చారు. సర్పంచుల పదవీకాలం ముందు ఏడాదే అయిపోయింది కాబట్టి ప్రతి ఊళ్లో ఊరి పెద్దలనే కలిసి అడిగాం. ఒక ఊళ్లో కుర్రాళ్లు నలుగురు వచ్చి, మా ఊళ్లో వద్దు, వెళ్లిపోండి అన్నారు. మాలో ఒక తమ్ముడు మాకు హక్కుంది అని మొదలుపెట్టబోతే అయ్యగారు భుజం మీద చెయ్యి వేసి ఆపారు. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, నిజమే. వినను అనే స్వేచ్ఛ కూడా ఆ పిల్లలకు ఉంది. వందనాలు చెప్పి బండెక్కాం. బండిలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు, ఆ ఊరి కోసం ప్రార్థన చేసుకున్నాం.

ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటుతుంటే అయ్యగారు బండి ఆపించారు. 2016లో ఈ వంతెన తెరిచారు, అంతకుముందు ఆయన పడవలో సైకిలు పెట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్లేవారు. సాయంత్రం పడవ తప్పితే ఆ రాత్రి అవతలే, ఎవరింట్లోనో. అట్లా పడుకోబట్టే వాళ్లు నాకు చుట్టాలయ్యారు అన్నారాయన. అప్పుడు ఆ మాట నాకు సరిగ్గా ఎక్కలేదు.

మొదటి రెండు రోజులు ఏడు ఊళ్లు తిరిగాం. లెక్కకు బాగుంటుంది. కానీ మిర్చి ఏరే కాలం మొదలైంది, పగలు ఊళ్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ లేరు. పొద్దున్నే ట్రాలీ ఆటోల్లో గోదావరి ఒడ్డు చేలకు పోయినవాళ్లు చీకటి పడ్డాకే వస్తారు. మేము అప్పటికి లాడ్జికి తిరుగుముఖం పడతాం. మైకులో పాటలు వేస్తే పిల్లలు వచ్చి చుట్టూ నిలబడతారు, కరపత్రాలు తీసుకుంటారు, కాసేపటికి అవి బొరింగు దగ్గర బురదలో కనిపిస్తాయి. వెయ్యి కరపత్రాలు తీసుకెళ్లాం, ఆరు వందలు వెనక్కి తెచ్చాం. పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ, చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది కోయ. కరపత్రాల డబ్బుతో కోయ వచ్చిన ఒక మనిషిని వెంట తీసుకెళ్లడం ఎంతో నయం.

బుధవారం మధ్యాహ్నం గూడేనికి బయల్దేరాం. మెయిన్ రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్లు మట్టి దారి. హనుమకొండలో మాట్లాడుకున్నప్పుడే ఈ దారి సంగతి చెప్పాం, సరే అని డబ్బు మొత్తం ముందే తీసుకున్నారు. తీరా అక్కడికి వచ్చాక డ్రైవరు బండి దిగి చూసి, 1500 ఎక్కువిస్తేనే కదిలిస్తా అన్నాడు, ఓనరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అరగంట ఎండలో నిలబడ్డాం. చివరికి వడ్ల బస్తాలు దించి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు అబ్బాయి మమ్మల్నీ, సామానునూ ఎక్కించుకున్నాడు, డబ్బులు ఇస్తే తీసుకోలేదు. కాబట్టి బండి హనుమకొండలో మాట్లాడుకోకండి. ఏటూరునాగారం దాకా బస్సు, అక్కడి నుంచి దారులు తెలిసిన లోకల్ ఆటో, సగం డబ్బు ముందు, సగం తర్వాత.

గూడెంలో నలభై దాకా ఇళ్లు, అందులో నాలుగు విశ్వాసుల కుటుంబాలు. తాటాకు పాకే మందిరం. మగవాళ్లు పాకలో, మేము ఒక విశ్వాసి ఇంట్లో పడుకున్నాం. సౌకర్యాల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మరుగుదొడ్డి గోడలు ఉన్నాయి, వాడే స్థితిలో లేదు, తెల్లవారకముందే టార్చి పట్టుకుని ఊరవతలికి పోవాలి, ఇద్దరిద్దరుగా వెళ్లండి. స్నానానికి తాటాకు తడిక కట్టి ఉంది, పైన కప్పు లేదు, గడియ లేదు, కానీ ఆ ఇంటి కోడలు నేను లోపల ఉన్నంతసేపు అటు తిరిగి కూర్చుని కూరగాయలు తరిగింది, ఎవరినీ రానివ్వలేదు. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు. రాత్రి చలి ఎముకలు కొరికింది, ఒక్కొక్కరికి రెండు దుప్పట్లు ఉండాలి. దోమతెర తప్పనిసరి. ఫోన్ సిగ్నల్ చెరువు కట్ట మీదే. మూడు పూటలా వాళ్లే వండి పెట్టారు. సరుకులు మేమే తీసుకెళ్లి ఇంటివాళ్ల చేతికి ఇచ్చాం, అట్లా చేయండి, వాళ్ల బియ్యం మీద పడకూడదు.

మొదటి రాత్రి కరెంటు పోయింది, మైకు లేదు. మా పిల్లలు దిగులుపడ్డారు గానీ మైకు లేకపోవడమే మంచిదయింది, మాట వినబడాలని జనం దగ్గరికి జరిగారు. చేల నుంచి వచ్చి, అన్నం తిని, పిల్లలను ఒళ్లో వేసుకుని మంట చుట్టూ ముప్పై మంది దాకా కూర్చున్నారు. చాలామంది చేతులు మిర్చి ఘాటుకు మండుతున్నాయి, మధ్యమధ్యలో నీళ్లలో ముంచుకుంటున్నారు. అయ్యగారు తప్పిపోయిన గొర్రె కథ చెప్పారు. డిగ్రీ చదివే ఆ ఊరి అబ్బాయి కోయలో చెప్తూ గొర్రెను మేక చేశాడు, అక్కడ గొర్రెలు లేవు మరి. తొంభై తొమ్మిదిని విడిచి ఒక్కదాని కోసం వెళ్లాడు అన్న చోట ఒక అవ్వ ఆపి ఏదో అడిగింది. అబ్బాయి మాకు చెప్పాడు, మిగతావాటిని కట్టేసి పోయిండా, ఊరికే విడిచి పోయిండా అని అడుగుతుంది అన్నాడు.

నేను సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. అయ్యగారు జవాబు చెప్పకుండా, అవ్వా, నువ్వయితే ఏం చేస్తవ్ అని అడిగారు. తోడికోడలిని కాపలా పెట్టి నేనే పోత, అది అరుస్తుంటే ఎట్ల ఊకుంట అంది. తర్వాత తనే చెప్పుకుంటూ పోయింది. 2023 జులై వానలకు ఆమె మేకలు కొట్టుకుపోయాయి. ఆ వాన ఇక్కడ ఎవరూ మర్చిపోలేరు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, కొండాయిలో జంపన్న వాగు మనుషులనే తీసుకుపోయింది. అవ్వ రెండు రోజులు వాగు వెంట మేకలను పిలుచుకుంటూ తిరిగిందట, ఒక్కటి కూడా దొరకలేదు. అబ్బాయి అనువదిస్తూ మధ్యలో ఆగిపోయాడు. అమ్మగారు లేచి వెళ్లి అవ్వ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. ఆ రాత్రి అయ్యగారు ఇంక వాక్యం చెప్పలేదు. ఒక పాట పాడుకున్నాం, డోలక్ కూడా మెల్లగానే కొట్టారు.

పొద్దున ఆ అవ్వే మాకు అంబలి తెచ్చింది. పగలొచ్చి పోయి ఉంటే ఆమె మిర్చి చేలో ఉండేది, మేము ఆమెను చూసి ఉండేవాళ్లమే కాదు.

గురువారం నర్సు అక్క ఆ అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని బీపీ, షుగరు చూసింది, పుండ్లకు కట్టు కట్టింది. ఎవరు వచ్చినా చూసింది, కూటానికి రమ్మని ఒక్కరికీ చెప్పలేదు. మందు చూపించి వాక్యం వినిపించడం సరికాదని ఆమె మొదటి నుంచీ పట్టుబట్టింది, నేను ఆమె పక్షమే. జ్వరంతో ఉన్న ఇద్దరు పిల్లలను మలేరియా పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాం, ఒక తమ్ముడు తోడు వెళ్లాడు.

శుక్రవారం తిరుగు ప్రయాణం. దారిలో బొగత జలపాతం దగ్గర అరగంట ఆగాం, జనవరి కాబట్టి నీళ్లు సన్నగా ఉన్నాయి, దాని కోసమే వెళ్లేవాళ్లు వానాకాలం వెళ్లాలి. సువార్తకు మాత్రం వానాకాలం వద్దు, వాగులు పొంగితే గూడేలకు దారే ఉండదు.

మనిషికి 2400 ఖర్చయింది, అందులో సగానికి పైగా బండికీ లాడ్జికే పోయింది. వచ్చే ప్రయాణం మార్చి ఆఖరులో, మిర్చి పని తగ్గాక, ఆ ఒక్క గూడేనికే. నేను, అమ్మగారు, అయ్యగారు, ముగ్గురమే. బస్సులో ఏటూరునాగారం, అక్కడి నుంచి ఆటో. మైక్ సెట్టు తీసుకెళ్లట్లేదు. ఆ అబ్బాయికి పరీక్షలు ఎప్పుడున్నాయో అడిగి, ఖాళీగా ఉండే రోజులే పెట్టుకుంటున్నాం.