పోస్ట్‌గ్రెస్ బ్రిన్ ఇండెక్స్: ఏళ్ల తరబడి వాడాక

లాగులు, సెన్సర్ రీడింగులు దాచే టేబుల్ వంద జీబీ దాటితే, తేదీల మధ్య వెతికే క్వెరీ నత్తనడక నడుస్తుంది. అక్కడ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని బ్రిన్ అనే ఇండెక్స్ (వెతుకులాటకు వాడే సూచిక) బాగా పనిచేస్తుంది. షరతు ఒక్కటే: రికార్డులు డిస్క్ మీద ఆ కాలమ్ వరసలోనే పడి ఉండాలి.

మామూలుగా వాడే బీట్రీ ఇండెక్స్ ప్రతి రికార్డుకీ ఒక ఎంట్రీ రాస్తుంది. బ్రిన్ మాత్రం 128 పేజీల (ఒక్కోటి 8 కేబీ డిస్క్ ముక్క) రేంజ్‌కు, అంటే 1 ఎంబీకి, ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం రాసుకుని ఊరుకుంటుంది; అడిగిన తేదీ వాటి మధ్య పడని రేంజ్‌లను చదవదు. 100 జీబీకి లక్ష పైచిలుకు ఎంట్రీలు, అంతే. ఇన్సర్టుల మీద భారం దాదాపు తెలియదు.

పెట్టే ముందు పీజీ_స్టాట్స్‌లో కోరిలేషన్ (కాలమ్ వరస, డిస్క్ మీది వరస ఎంత కలిశాయో చెప్పే అంకె) చూడండి. అది 1కి గానీ -1కి గానీ బాగా దగ్గరగా లేకపోతే బీట్రీయే నయం. అయితే ఆ అంకెనూ పూర్తిగా నమ్మలేం. అది శాంపిల్ మీద కట్టిన లెక్క.

అసలు చిక్కంతా డిలీట్‌తోనే. పాత నెలల రికార్డులు తీసేశాక వాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ చెత్త ఊడ్చే పని) ఆ ఖాళీలను వాడకానికి ఇచ్చేస్తుంది, కొత్త రికార్డులు వెళ్లి అక్కడ కూర్చుంటాయి. ఒక్క కొత్త తేదీ చొరబడినా ఆ 1 ఎంబీ రేంజ్ కనిష్ఠం పాత ఏడాదిలో, గరిష్ఠం ఈ వారంలో ఉంటుంది. ఇక మధ్యలోని ఏ తేదీ అడిగినా ఆ పేజీలన్నీ చదవాల్సిందే. రికార్డులు డిలీట్ చేసినంత మాత్రాన రేంజ్ కుంచించుకోదు కూడా. అప్‌డేట్‌లదీ ఇదే గొడవ. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో ‘రోస్ రిమూవ్డ్ బై ఇండెక్స్ రీచెక్’ (చదివి పారేసిన రికార్డులు) అంకె నెలనెలా పెరుగుతోందంటే కారణం ఇదే అయ్యుంటుంది. పాత డేటా వదిలించుకోవాలంటే టేబుల్‌ను నెలవారీ పార్టిషన్లు (ముక్కలు) చేసి మొత్తంగా డ్రాప్ చేయడమే సరి. అక్కడక్కడా తప్పిన విలువలు కొన్నే అయితే, 14వ వెర్షన్‌లో వచ్చిన మిన్‌మాక్స్ మల్టీ (ఒక్కో రేంజ్‌కు ఒకటికి మించి కనిష్ఠ, గరిష్ఠ జతలు రాసే రకం) చాలావరకు తట్టుకుంటుంది.

ఇంకొకటి, ఆటోసమ్మరైజ్ (కొత్త రేంజ్‌ల కనిష్ఠం, గరిష్ఠం తనంతట రాయించే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది (ఎందుకో!). వాక్యూమ్ నడిచేదాకా కొత్త రేంజ్‌లకు సారాంశం ఉండదు, కాబట్టి ప్రతి క్వెరీ ఆ తోకంతా చదువుతుంది. ఇండెక్స్ పెట్టేటప్పుడే ఆన్ చేయండి.

ఒక్కో రేంజ్‌లో ఎన్ని పేజీలో చెప్పే పేజెస్ పర్ రేంజ్‌ను 128 నుంచి 32కి దించితే ఎంట్రీలు నాలుగింతలవుతాయి, అనవసరంగా చదివే పేజీలు తగ్గుతాయి. తర్వాత మార్చాలంటే రీఇండెక్స్ (ఇండెక్స్ మళ్లీ కట్టడం) తప్పదు.

ఒక్క ఐడీ వెతకడానికి బ్రిన్ దండగ. యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న) షరతు దీనితో కుదరదు. ‘ఆఖరి పది రికార్డులు’ అడిగే ఆర్డర్ బై, లిమిట్ క్వెరీలకూ ఇది సాయం చేయదు. వాటికి పక్కన ఒక బీట్రీ ఉంచుకోవాల్సిందే.