బొగ్గు జిల్లా కేంద్రంలో రెండు రాత్రులు: జిమ్ థోర్ప్ ప్రయాణం

ముద్దపప్పు వేడి చేసుకున్నందుకు 75 డాలర్ల జరిమానా కట్టిన కుటుంబాలు అమెరికాలో ఎన్ని ఉన్నాయో గాని, గత అక్టోబరులో పెన్సిల్వేనియాలోని జిమ్ థోర్ప్ అనే చిన్న ఊరికి వెళ్లివచ్చాక మేమూ వాటిలో ఒకరమయ్యాము. ఆ ఊరిని మెచ్చుకోవడానికి నా దగ్గర చాలా కారణాలే ఉన్నాయి, అవీ రాస్తాను; కాని బస సంగతి చెప్పకుండా దాటవేస్తే, మా మాట నమ్మి వెళ్లే వారికి అన్యాయం చేసినట్టవుతుంది.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మాకు ఆ ఊరు సుమారు 90 మైళ్లు. ఇల్లందు నుంచి వచ్చిన అమ్మకూ బాపుకూ ఆకులు రంగు మారే కాలం చూపించాలని మా ఆవిడ పట్టుబట్టింది. బాపు సింగరేణి బొగ్గుగనుల్లో కోల్ ఫిల్లరుగా, అంటే బొగ్గు నింపే కార్మికుడిగా చేరి, పనివాళ్లను చూసుకునే సర్దారుగా రిటైరైన మనిషి. చెట్లు చూడడానికి రెండు గంటలు కారులో కూర్చోవడం ఎందుకన్నది ఆయన అభ్యంతరం. ఆ ఊరు కార్బన్ కౌంటీకి ముఖ్యపట్టణమని, కార్బన్ అంటే బొగ్గేనని, బొగ్గు మీద పుట్టింది కాబట్టే ఆ జిల్లాకు 1843లో ఆ పేరు పెట్టారని చెప్పిన తరువాత మాత్రం, అడగకుండానే చెప్పులు తొడుక్కుని బయట నిలబడ్డారు.

ఊరు చూడగానే అర్థమయ్యేది, అక్కడ ఊరు కట్టడానికి చోటు లేదని. లీహై నది కొండల మధ్య మలుపు తిరిగే చోట, ఏటవాలు గోడల్లాంటి రెండు గుట్టల నడుమ మిగిలిన సందులో ఇళ్లను ఇరికించారు. ప్రధాన వీధి బ్రాడ్‌వే ఒక వాగు వెంట పైకి ఎక్కుతుంది. ఆ వాగును ఎప్పుడో కప్పేసి దాని మీదే నడుస్తున్నారు. జనాభా ఐదు వేల లోపు. అక్టోబరు శనివారం మాత్రం ఆ సందులోకి న్యూజెర్సీ, న్యూయార్క్ కార్లన్నీ ఒకేసారి దూరాయా అనిపించింది. ఊరి పాత పేరు మాక్ చంక్. అక్కడి ఆదివాసులైన లెనాపే తెగవారి భాషలో ఎలుగుబంటి కొండ అని అర్థం చెబుతారు.

ఇక బస. పేరు రాయను; నిన్నటి శతాబ్దపు సొగసులను నేటి సౌకర్యాలతో అందిస్తామని రాసుకున్న ఒక పాత ఇల్లు. రాత్రికి 289 డాలర్లు, వారాంతంలో రెండు రాత్రులు తప్పనిసరి, శుభ్రపరిచినందుకు 120, పన్నులూ సేవా రుసుములూ కలుపుకొని మొత్తం 806 డాలర్లు. ప్రకటనలో ఉన్న ‘ఉచిత పార్కింగు’ నది అవతల పావుగంట నడక దూరంలో ఉందని దిగిన తరువాత తెలిసింది. ఇక గది మూడో అంతస్తులో. మెట్లు 41, లెక్క నాది కాదు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మది. ఆమె ప్రతి మెట్టుకూ ఒక దేవుణ్ణి పిలుస్తూ ఎక్కింది. కింది గది ఏదైనా ఇమ్మని ఫోనులో అడిగితే, మెట్లుంటాయని ఒప్పందం చివర్లో రాసి ఉందని సమాధానం. వెతికి చూస్తే నిజంగానే ఉంది, నియమాల్లో ఇరవై రెండోది.

కారు దగ్గరలో ఉండకపోతే అమ్మతో కుదరదని ఒక ప్రైవేటు స్థలంలో రోజుకు 30 డాలర్లిచ్చి పెట్టాము. మా ఆవిడ ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. గది ఎంచింది నేనే. రాత్రి చల్లగా ఉందని ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పు మైక్రోవేవులో వేడి చేసుకుని, ఆవకాయ కలుపుకుని, వేడివేడిగా తిన్నాము. ఆ రెండు రాత్రుల్లో అందరం కలిసి నవ్విన పూట అదొక్కటే. దానికే తరువాత బిల్లు వచ్చింది.

మరునాడు పాత స్టేషన్ నుంచి బయలుదేరే లీహై గార్జ్ రైలెక్కి, నది పక్కన గంటకు పైగా ఎరుపు పసుపు కొండలు చూసి, హాయిగా తిరిగి వచ్చాము. ఏసా ప్యాకర్ అనే రైల్వే యజమాని 1861లో ముగించిన భవనం గుట్ట మీద ఉంది. కాలువ పడవల వ్యాపారంతో మొదలుపెట్టి లీహై వ్యాలీ రైల్‌రోడ్ కట్టిన మనిషి, లీహై విశ్వవిద్యాలయాన్ని 1865లో స్థాపించింది కూడా ఆయనే. భవనం బాగుంది, కాని సమయం తక్కువైతే వదిలెయ్యండి. ఆ గంట పాత జైలుకు ఇవ్వండి.

జైలు బ్రాడ్‌వే ఎగువన ఉంది. 1871లో పూర్తయి 1995 వరకు నిజంగానే జైలుగా నడిచిన రాతి కోట అది. ‘1871లోనేగదా కింగ్ దొర మన ఇల్లందుల బొగ్గు కనిపెట్టింది’ అన్నారు బాపు. అక్కడి గనుల్లో పనిచేసిన ఐరిష్ కార్మికుల్లో మాలీ మగ్వైర్లు అనే రహస్య బృందం ఉందనీ, గని అధికారులను చంపిందనీ ఆరోపణ. రైలు కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్ పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనిషిని వేషం మార్చి వారి మధ్యకు పంపాడు. ఆ డిటెక్టివు, జేమ్స్ మెక్‌పార్లన్, చెప్పిన సాక్ష్యమే కేసులకు ఆయువుపట్టయింది. పట్టుకున్నది కంపెనీల పోలీసులు, వారికి వ్యతిరేకంగా వాదించినవారిలో కంపెనీల వకీళ్లు. 1877 జూన్ 21న ఈ జైలులో నలుగురిని ఒకేసారి ఉరితీశారు. అదే రోజు పక్క జిల్లా పాట్స్‌విల్‌లో మరో ఆరుగురిని. 1879 నాటికి ఈ ఒక్క జైలులోనే ఏడుగురు పోయారు. వారి నాయకుడని పేరుపడిన జాక్ కీహోకు పెన్సిల్వేనియా గవర్నరు 1979లో క్షమాభిక్ష ఇచ్చాడు. అప్పటికి అతడిని ఉరితీసి నూరేళ్లు దాటాయి.

జైలులోని పదిహేడో నంబరు ఖైదీ కొట్టులో గోడ మీద ఒక చేతి గుర్తు ఉంది. ఉరికంబానికి తీసుకుపోయే ముందు ఒక ఖైదీ నేల మీది మట్టి చేతికి రాసుకుని, నేను నిర్దోషినన్నదానికి ఇదే సాక్ష్యమని గోడకు చరిచాడట. అలెగ్జాండర్ క్యాంబెల్ అని కొందరు, థామస్ ఫిషర్ అని కొందరు అంటారు. రంగు వేసినా, గచ్చు తీసి మళ్లీ పూసినా ఆ గుర్తు తిరిగి కనిపిస్తుందని కథ. నాకు ఆ మహిమ మీద నమ్మకం లేదు. కాని బాపు ఆ కొట్టు ముందు చాలాసేపు నిలబడి, ‘తప్పు చేసిన్రా లేదా అన్నది పక్కన పెట్టు బిడ్డా, మేనేజరే పోలీసు, మేనేజరే వకీలయితే ఇంక కోర్టెందుకు?’ అన్నారు. మా మాటలు అర్థం కాకపోయినా ఆయన ముఖం చూసిన గైడు, ఆయన గనిలో పనిచేశారా అని నన్నడిగింది. అవునని చెప్పగానే మిగతావారిని ఆపి, నేలమాళిగలోని చీకటి కొట్లను ఆయనకు ముందుగా చూపించింది. ఈ ప్రయాణంలో డబ్బుకు పూర్తి విలువ దొరికింది అక్కడే.

కింద ఒక దుకాణంలో బొగ్గు ముక్క 6 డాలర్లు. బాపు దాన్ని తీసుకుని బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుని, మళ్లీ రుద్దారు. మసి అంటలేదు. నల్లగాజు పగిలిన పెళ్లలా మెరుస్తూ ఉంది. ఇక్కడిది ఆంత్రసైట్ రకం, గట్టిది, పొగ తక్కువ, అంటుకోవడం కష్టం. 1818లో ఈ ఊరికి పునాది వేసిన జోసయా వైట్, ఎర్స్‌కిన్ హజార్డ్‌ల తీగల కార్ఖానాలో పనివాళ్లు ఎంత ఎగదోసినా మండక, విసిగి కొలిమి తలుపు మూసి వెళ్లిపోతే, తిరిగి వచ్చేసరికి భగభగమంటూ ఉందన్నది ఇక్కడ అందరూ చెప్పే కథ. 1827లో సమ్మిట్ హిల్ నుంచి నది దాకా తొమ్మిది మైళ్లు, బొగ్గు బండ్లు తమ బరువుతోనే పల్లానికి దొర్లిపోయేలా పట్టాలు వేశారు. ఖాళీ బండ్లను పైకి లాగడానికి కంచరగాడిదలు, అవి దిగేటప్పుడు దర్జాగా బండిలోనే ప్రయాణం. ‘మన టబ్బులే!’ అన్నారు బాపు, సింగరేణి బొగ్గు బండ్లను తలుచుకుని. తరువాత ఆ దారి యాత్రికుల వినోదంగా మారి 1930ల తొలినాళ్ల దాకా నడిచి, ఆపైన ఇనుప తుక్కుగా అమ్ముడుపోయింది.

భోజనానికి బ్రాడ్‌వేలో కాక, కొండప్రాంతపు తిండి పెట్టే చిన్న హోటలుకు వెళ్లండి. ఆలుగడ్డ కూరిన పిరోగీలు కజ్జికాయల ఆకారంలో ఉంటాయి, ప్లేటు 13 డాలర్లు. హలుష్కీ అనే క్యాబేజీ, నూడుల్స్ వేపుడు 11. మాంసం వేయవద్దని ముందే చెప్పాలి. కారప్పొడి చల్లుకుని అమ్మ రెండోసారి అడిగి తిన్నది.

ఆదివారం గది ఖాళీ చేసి, నది దాటి, 903 నంబరు రోడ్డు పక్కనున్న సమాధికి వెళ్లాము. ప్రవేశం ఉచితం, జనం లేరు. జిమ్ థోర్ప్ శాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగకు చెందిన క్రీడాకారుడు, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఐదు ఆటల పెంటాథ్లాన్, పది ఆటల డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడాదే పతకాలు లాక్కున్నారు. ఏకైక విజేతగా పేరు తిరిగి దక్కింది 2022లో. ఆయన పుట్టింది ఓక్లహోమా వైపు, 1953లో పోయింది కాలిఫోర్నియాలో. బతికుండగా ఈ ఊళ్లో కాలు పెట్టిన దాఖలా లేదు. బొగ్గు పోయి బీదపడిన ఊరి జనం వారానికి తలా ఐదు సెంట్లు పోగుచేసి పరిశ్రమలు తెచ్చుకోవాలని చూస్తుండగా, ఆయన మూడో భార్య దేహాన్ని ఇక్కడికి తెచ్చింది. నదికి ఇరువైపులా ఉన్న మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ ఊళ్లు 1954లో కలిసిపోయి ఆయన పేరు పెట్టుకున్నాయి. ఎర్ర గ్రానైటు సమాధి కింద ఓక్లహోమా మట్టి, స్టాక్‌హోమ్ స్టేడియం మట్టి కూడా పోశారు. దేహాన్ని స్వస్థలానికి ఇమ్మని 2010లో కొడుకు వేసిన దావా కింది కోర్టులో గెలిచి 2014లో పైకోర్టులో ఓడింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వినడానికే నిరాకరించింది. అదంతా విని మా అమ్మ, ‘మట్టి తెచ్చుడెందుకు, మనిషినే పంపిస్తే అయిపోవు గదా’ అన్నది.

సరిగ్గా అక్కడే నా ఫోనుకు సందేశం వచ్చింది: గదిలో మసాలా వాసన, అదనపు శుభ్రతకు 75 డాలర్లు. పప్పులో మసాలా లేదు. మా ఆవిడ కోపం అప్పటికి నా మీది నుంచి వాళ్ల మీదికి మళ్లింది. కారులోనే కూర్చుని, మెట్ల ఫోటోలూ పార్కింగు రసీదులూ జోడించి నాలుగు పేరాల ఫిర్యాదు రాసింది. మూడు వారాలకు 40 తిరిగి వచ్చాయి.

వెళ్లాలనుకునేవారు అక్టోబరైనా మంగళ, బుధవారాల్లో వెళ్లండి, అయితే జైలు తెరిచే రోజులు ముందే కనుక్కోండి. పెద్దవారుంటే నాలుగు మైళ్ల దూరంలోని లీహైటన్‌లోనో, లిఫ్టు ఉన్న మరో హోటల్లోనో దిగండి. నియమాలు ఇరవై రెండోదాకా చదవండి.

ఆ 6 డాలర్ల ముక్కను బాపు ఇల్లందుకు పట్టుకెళ్లారు. ఆయనతో బొగ్గుబాయిలో దిగినవాళ్లు హోటలు దగ్గర దాన్ని చూసి, అమెరికా బొగ్గెట్ల మండుతదో చూద్దామని అగ్గిపెట్టె సగం ఖాళీ చేశారట. అంటుకోలేదట.