ముప్ఫై ఖ్మేర్ నవలలు చదివాక

ఉద్యోగం మీద కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ వచ్చి ఆరేళ్లయింది. మొదటి ఏడాదే ఇక్కడి భాష ఖ్మేర్ లిపి నేర్చుకున్నాను. మనకది మరీ కొత్తేం కాదు. క, ఖ, గ వరస అదే, అక్షరం కింద వత్తులూ ఉన్నాయి. వాటిని వీళ్లు 'పాదాలు' అంటారు. ఆ ధైర్యంతో నవలల్లోకి దిగాను. ఇప్పటికి ముప్ఫై దాకా చదివాను, అన్నీ ఇక్కడ అచ్చయినవే.

కథలు బాగుంటాయి, ముందే చెప్పేస్తున్నా. గొడవంతా ఎడిటింగ్‌తోనే.

మొన్న పూర్తి చేసినదాన్నే తీసుకోండి. ప్రేయ్ వెంగ్ రాష్ట్రం నుంచి వచ్చి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరిన అమ్మాయి కథ. మూడో అధ్యాయంలో వాళ్ల అమ్మమ్మ చనిపోతుంది, నాకు కళ్లు చెమర్చాయి కూడా. పదకొండో అధ్యాయంలో ఆవిడే వచ్చి ప్రహోక్ (పులియబెట్టిన చేపల ముద్ద) వేసి కూర వండుతోంది! కల అనుకుని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. కల కాదు. హీరోయిన్ పేరు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంది. 1938లో మొదటి సంపుటం వచ్చిన, చువోన్ నాత్ అనే బౌద్ధ భిక్షువు పేరుతో పిలిచే ఖ్మేర్ నిఘంటువు ఇప్పటికీ వీళ్లకు స్పెల్లింగుల్లో ప్రమాణం. టైపు చేసినాయన దాన్ని తెరిచినట్టు లేదు.

ఖ్మేర్‌లో మాటల మధ్య ఖాళీ వదలరు. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు మాటకీ మాటకీ నడుమ కంటికి కనిపించని ఖాళీ ఒకటి పెట్టాలి. అది మర్చిపోతే లైను ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. 'గోదావరి' అన్న మాటలో 'గోదా' పై లైనులో, 'వరి' కింది లైనులో పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పేజీకి నాలుగైదు ఇలాంటివే. నాలాంటి నేర్చుకునేవాడికి నరకం. మా ఆఫీసులో ఖ్మేర్ మిత్రుడికి చూపిస్తే, "తప్పు నీది కాదులే, నాకూ అర్థం కాలేదు" అన్నాడు.

సంభాషణలు ఇంకా ఘోరం. ఇక్కడ దగ్గరివాళ్ల మధ్య నేను, నువ్వు బదులు ఎక్కువగా వరసలే వాడతారు. పెద్దవాళ్లు 'బోంగ్', చిన్నవాళ్లు 'ఓన్'. మొగుడు బోంగ్, పెళ్లాం ఓన్. ఈ నవలలో ఒకే గొడవలో ఇద్దరూ బోంగ్‌లైపోయారు. ఎవరు ఎవర్ని తిడుతున్నారో తేలలేదు.

1975-79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలనలో రచయితల్నీ టీచర్లనీ చంపేసిన దేశం ఇది. 1980లలో నవలల్ని చేత్తో రాసి బజార్లో అద్దెకిచ్చేవారు. అంత ఆకలితో చదివిన జనానికి, ఇవాళ రంగుల అట్ట వేసి పదహారు వేల రియల్‌లు, అంటే నాలుగు డాలర్లు తీసుకుని ఇచ్చేది ఇదా? అట్ట మీద పెట్టిన ఖర్చులో కొంత ప్రూఫులు చూసేవాడికి ఇవ్వొచ్చు కదా.

రెండో భాగం వచ్చిందట. తిట్టుకుంటూనే కొంటాను. అమ్మమ్మ ఉందో పోయిందో తెలియాలి.